వన్ టౌన్ సర్వేలో క్యూఫీల్డ్: ఫారం బంగారం, ఆ తర్వాతే గండం

క్యూఫీల్డ్ అనే సర్వే యాప్ ఉచితమని, ఓపెన్ సోర్స్ అని, కంప్యూటర్‌లో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తయారు చేసిన మ్యాపును ఫోన్‌లోకి తెస్తుందని, నెట్ లేకపోయినా నడుస్తుందని మీరు ఇప్పటికే చదివి ఉంటారు. అవన్నీ వదిలేస్తాను. ఇంతకాలంగా నేను దీన్ని పట్టుకుని ఉండటానికి ఒక్కటే కారణం. సర్వే ఫారాన్ని మొదటి ప్రశ్న నుంచి చివరి ఆప్షన్ దాకా తెలుగులో పెట్టుకోవచ్చు. ఆ ఫారాన్ని ఇంటివాళ్లు కూడా చదువుకోగలరు.

మా పని వైజాగ్ పాతబస్తీలో, అంటే వన్ టౌన్‌లో. టౌన్ హాల్, రాణి బొమ్మ (విక్టోరియా రాణి విగ్రహం), కురుపాం మార్కెట్ అందరికీ తెలుసు, వాటి ఫొటోలు బోలెడున్నాయి. వాటి మధ్య ఉన్న ఇళ్లనే ఎవరూ లెక్క పెట్టలేదు. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడానికైతే చుట్టూ 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని చట్టం ఉంది. కోట వీధిలో అరుగున్న పెంకుటింటికి అలాంటి రక్షణ ఏముంటుంది? వారసులు వాటాలు పంచుకున్న మర్నాడే జేసీబీ వచ్చేస్తుంది. పాత ఊరిని విడివిడి కట్టడాలుగా చూడొద్దని, వీధులు, అక్కడి బతుకులు, జ్ఞాపకాలు అన్నీ కలిపి చూడాలని యునెస్కో 2011లో సిఫారసు చేసింది. అలా చూడాలన్నా ముందు ఏ ఇల్లు ఎక్కడుందో, ఎలా ఉందో రాసి పెట్టుకోవాలి కదా. అందుకే జట్టు కట్టాం. ఆర్కిటెక్చర్ వైపు నేను, చరిత్ర చెప్పే మేడమ్ ఒకరు, ప్లానింగ్ చదివే పిల్లలు కొందరు, ఈ సమాచారంతో ఆడియో నడక మ్యాపు తయారు చేసే డిజైన్ బృందం వేరే ఊళ్లో, డ్రాయింగుల కోసం ఒక కన్సల్టెన్సీ. ఆ కన్సల్టెన్సీ కథ కింద వస్తుంది.

ముందు ఫారం సంగతి. పైకప్పు అన్న ప్రశ్న కింద నాటు పెంకు, బంగ్లా పెంకు, మద్రాస్ టెర్రస్, రేకు, స్లాబు అని ఆప్షన్లు పెట్టాం. అరుగు అన్న చోట ఉంది, సగం తీసేశారు, గ్రిల్ పెట్టి మూసేశారు, షాపు చేశారు అని. మండువా ఉందని నొక్కితేనే మండువా గురించిన మిగతా ప్రశ్నలు తెరుచుకుంటాయి, లేదంటే అవి కనిపించవు. ఫొటో లేకుండా సేవ్ కాకూడదని షరతు పెట్టొచ్చు. ఇదంతా క్యూజీఐఎస్‌లో కూర్చుని ఒకసారి చేసుకుంటే, ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. లోపల దాచుకునేది చిన్న ఇంగ్లీషు కోడ్, తెర మీద చూపించేది తెలుగు. ఈ ఏర్పాటు ఎంత ముఖ్యమో నాకు మొదట్లో తెలియలేదు. అదృష్టం కొద్దీ డ్రాప్‌డౌన్ ప్రశ్నలన్నీ అలాగే చేశాం.

పాతబస్తీలో చేతిలో టేపు, ఫోన్ పట్టుకుని ఎవరు కనిపించినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏటమ్మా, రోడ్డు వెడల్పు చేస్తారేటి?" ఎంత కాదన్నా నమ్మరు. కాగితం ఫారాలతో తిరిగిన రోజుల్లో మేము ఇంగ్లీషులో ఏదో గీకుతుంటే వాళ్లు తలుపు దగ్గరగా వేసి, సందులోంచి జవాబు చెప్పేవారు. తెలుగు ఫారం వచ్చాక ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చేశాం. బురుజుపేటలో ఒక పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇక్కడ రేకు అని రాశారేటి? ముందున్నవి పెంకులే. హుద్‌హుద్‌కి లేచిపోతే రేకులేశాం. అది కూడా రాయండి" అన్నారు. 2014 అక్టోబర్ 12 తుపాను ఈ ఊళ్లో ఎన్ని పైకప్పులు మార్చిందో మా ఫారంలో అసలు ప్రశ్నే లేదు. ఆ రాత్రే "పైకప్పు ఎప్పుడు, ఎందుకు మార్చారు" అన్న గడి చేర్చాం. పొద్దున్నకల్లా అందరి ఫోన్లలో ఉంది. ఇంటివాళ్లు మా సర్వేని దిద్దడం అన్నది నేను చదివిన ఏ పద్ధతిలోనూ ఇంత సులువుగా జరగలేదు. దీనికోసమే నేను ఈ యాప్‌ని నెత్తిన పెట్టుకుంటాను.

రెండో ఇష్టం ఆడియో. ఫారంలోనే రికార్డింగ్ గడి పెట్టుకోవచ్చు, ఆ గొంతు ఆ ఇంటి రికార్డుకే అతుక్కుని ఉంటుంది. హార్బర్ దగ్గర మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. వాటి కిందుగా నడిచే దారి కోసం డిజైన్ వాళ్లు అడిగిన గొంతులన్నీ ఇలా సేకరించినవే. వాళ్లు ఎగిరి గంతేశారు. అయితే ఒక మాట చెప్పాలి. రికార్డు చేయడం ఎంత తేలికో, తర్వాత విని రాసుకోవడం అంత నరకం. వెనకాల ఆటో హారన్లు, కుక్కర్ విజిళ్లు, టీవీ సీరియల్. మేడమ్ ఓపికగా కొన్ని రాశారు, మిగతావి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పైగా గొంతు వాడుకోవచ్చా అన్న అనుమతి కోసం ఫారంలో విడిగా గడి పెట్టుకోకపోతే డిజైన్ వాళ్లకు ఇవ్వడానికి చేతులు రావు.

జీపీఎస్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఇరుకు సందుల్లో రెండంతస్తుల గోడల మధ్య ఏ ఫోన్ అయినా తడబడుతుంది, నేను నిలబడింది ఒక ఇంటి ముందైతే చుక్క పక్క వీధిలో పడేది. అందుకని ఇళ్ల ఆకారాలు ముందే, అందరూ కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చుకుని, లేనివి మేమే గీసుకుని, వీధిలో ఇంటి మీద వేలు పెట్టి నొక్కడం మొదలుపెట్టాం. మే నెలలో చెమట వేలికి తెర పలకదు, అది మన సముద్రపు గాలి మహిమ. మార్గశిరం గురువారాల్లో కనకమహాలక్ష్మి గుడి వైపు సర్వే పెట్టుకోకండి. నెట్ అక్కర్లేదు సరే, నిలబడటానికి చోటు కావాలిగా.

ఇక గండం.

కన్సల్టెన్సీ వాళ్లకు మా డేటాను జియోప్యాకేజ్ అనే మ్యాపు ఫైలుగా ఇచ్చాం. క్యూఫీల్డ్ హాయిగా వాడుకునేది అదే. ఒక్క ఫైలు, తెలుగు ఎంత పొడుగున్నా పట్టించుకోదు. వాళ్లు మాత్రం మా దగ్గర అందరూ షేప్‌ఫైల్ మీదే పని చేస్తారండీ అని, వాళ్లే మార్చుకున్నారు. షేప్‌ఫైల్ 1990ల నాటి మ్యాపు ఫైలు ఫార్మాట్. మన దేశంలో ప్లానింగ్ ఆఫీసుల్లో ఇప్పటికీ దానిదే రాజ్యం. దాని పట్టిక పాత డీబీఎఫ్ పద్ధతిది. కాలమ్ పేరుకు 10 బైట్లు, ఒక గడిలో రాతకు 254 బైట్లు, అంతే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు అక్షరం విడిగా, గుడింత గుర్తు విడిగా, ఒక్కోదానికి మూడేసి బైట్లు. కనకమహాలక్ష్మి అన్న ఒక్క మాటకే 39 అయిపోతాయి. అంటే యజమాని చెప్పిన కబురు రెండు మూడు ముక్కలు దాటితే మిగతాది కత్తిరించి అవతల పారేస్తుంది. అప్పుడు హెచ్చరిక వచ్చినా దాన్ని చదివేదెవరు?

వాళ్లు కాలమ్ పేర్లకు మా తెలుగు పేర్లనే ఎంచుకున్నారు, గౌరవంగానే. "యజమాని పేరు", "యజమాని చెప్పినవి" రెండూ "యజమ" దగ్గర తెగి, ఏది ఏదో తెలియకుండా పోయాయి. ఫైలు మా దగ్గరికి తిరిగి వచ్చాక తెరిస్తే తెలుగున్న చోటల్లా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఎ, మళ్లీ డిగ్రీ. పిల్లల్లో ఒకమ్మాయి ఏడుపొక్కటే తక్కువ. నిజానికి ఆ చెత్త కనిపిస్తే సంతోషించాలి. లోపల తెలుగు బతికే ఉందని, చదివేవాడు తప్పు ఎన్‌కోడింగ్‌తో, అంటే బైట్లను అక్షరాలుగా మార్చే తప్పు పద్ధతితో, చదువుతున్నాడని అర్థం. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి మార్చగానే అక్షరాలు లేచి కూర్చున్నాయి, తోకలు తెగినవి తప్ప.

అది మొదటి విడత. రెండో విడతలో వాళ్ల ఆఫీసులో ఎవరో ఆ డీబీఎఫ్ పట్టికని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, ఏదో సరిచేసి, మళ్లీ సేవ్ చేశారు. ఈసారి వచ్చినవి ప్రశ్నార్థకాలు. వరసగా ప్రశ్నార్థకాలు. వీటికి మందు లేదు. అక్షరం చచ్చిపోయి దాని చోట గుర్తు పెట్టారన్నమాట. ఫోన్ చేస్తే, "మేడమ్, మ్యాప్ అయితే కరెక్ట్‌గానే ఉంది కదా, పేర్లదేముంది" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పేర్ల కోసం, ఆ మాటల కోసమే కదా మేము ఎండలో తిరిగింది! పోనీ వాళ్ల ఫైలు పక్కన పడేద్దామా అంటే కుదరదు. అందులో వాళ్లు ఇళ్ల హద్దులన్నీ ప్లాట్ల గీతలకు సరిపెట్టి శుభ్రంగా గీశారు. ఆ పని మంచిదే. గీతలు వాళ్ల దగ్గర, మాటలు మా దగ్గర.

ఇక్కడే క్యూఫీల్డ్ మీద నాకు మళ్లీ ప్రేమ పుట్టింది. ఫారం తయారు చేసేటప్పుడు ప్రతి ఇంటికీ దానంతటదే పుట్టే యూయూఐడీ, అంటే ఇంకో ఇంటికి రాని గుర్తింపు నంబరు, ఒకటి పెట్టాం. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతలు కలిసిన, ఎవరికీ అర్థం కాని 36 గుర్తుల దండ. అందులో తెలుగు లేదు కాబట్టి అన్ని విడతలనూ తట్టుకుని బయటపడింది. వాళ్ల గీతలను, మా జియోప్యాకేజ్‌లోని మాటలను ఆ నంబరుతో జతచేస్తే చాలా ఇళ్లకు తెలుగు తిరిగి వచ్చేసింది. ఫొటోలు, గొంతులు విడి ఫోల్డర్‌లో ఫైళ్లుగా ఉంటాయి, పట్టికలో వాటి దారి మాత్రమే రాసి ఉంటుంది. వాటికి ఏమీ కాలేదు.

"చాలా ఇళ్లకు" అన్నాను, అన్నిటికీ అనలేదు. వాటాలు పడిన ఇళ్లను మేము విడివిడిగా నమోదు చేస్తే, ఒకే ప్లాటు కదా అని వాళ్లు కొన్నింటిని కలిపేశారు. కలిపినప్పుడు ఒక నంబరే మిగిలింది. అక్కడ అన్నదమ్ములిద్దరిలో ఒకరి కబురు ఎటూ కాకుండా గాల్లో ఉండిపోయింది. వాటిని చేత్తో ఒక్కొక్కటే సరిచూసుకున్నాం. కొన్నింటికి మళ్లీ వీధిలోకి వెళ్లాల్సి వచ్చింది. ఈలోగా వాటిలో ఒక ఇల్లు నేలమట్టం. మా రికార్డులో ఆ ఇంటి ఫొటో, గొంతు ఉన్నాయి, హద్దు గీత మాత్రం పక్కింటితో కలిసిపోయి ఉంది.

ఇందులో క్యూఫీల్డ్ తప్పు ఏమీ లేదు. కానీ పైన "తెలుగు ఫారం బంగారం" అని ఊగిపోయాను కాబట్టి దానికి ఒక తోక తగిలించాలి. ఆ బంగారం మీ ఫోన్‌లో, మీ జియోప్యాకేజ్‌లో ఉన్నంతసేపే. దాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఏ రూపంలో ఇస్తారు, వాళ్లు ఏ రూపంలో తిరిగిస్తారు అన్నది మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోవాలి. ఇప్పుడు మేము గీతలు, యూయూఐడీ, కోడ్‌లు మాత్రమే షేప్‌ఫైల్‌గా ఇస్తున్నాం. తెలుగు రాత అంతా మా దగ్గరే ఉంటుంది, కావాలంటే చదువుకోవడానికి పీడీఎఫ్ ఇస్తాం. ఇళ్లు కలపాలంటే ముందు మాకు చెప్పాలని మెయిల్‌లో రాయించుకున్నాం.

నెట్ అక్కర్లేదన్న మాటకు కూడా కొంచెం తగ్గింపు ఉంది. వీధిలో అక్కర్లేదు, నిజం. సాయంత్రం అందరి ఫోన్లలోవీ ఒకచోట చేర్చేటప్పుడు మాత్రం వైఫై ఉన్న గది కావాలి, ఫొటోలు బరువు. ఫైళ్లను చేత్తో కాపీ చేసే అలవాటుంటే జియోప్యాకేజ్ పక్కన కనిపించే చిన్న తోడు ఫైలును కూడా తీసుకోండి. ఆఖరున చేసిన ఎంట్రీలు ఒక్కోసారి అందులోనే ఉండిపోతాయి.

మరి తీసుకోమంటారా అంటే, మీ పరిస్థితి చూసుకోండి. మాది చిన్న జట్టు, చిన్న ప్రాంతం, అందరివీ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లు. క్యూజీఐఎస్ తెలిసిన మనిషి ఒకరు, అంటే నేను, ఎప్పుడూ అందుబాటులో ఉంటాను. ఆ ఒక్కరు లేకపోతే ఫారం తయారు కావడమే కష్టం, మధ్యలో మార్చడం ఇంకా కష్టం. ఊరంతా కలిపి వారసత్వ జాబితా చేయాలనుకునే సంస్థ అయితే సర్వర్ మీద నడిచే ఆర్చెస్ లాంటి వాటిని కూడా చూడాలి. దాన్ని వారసత్వ జాబితాల కోసమే తయారు చేశారు, నడపడానికి మాత్రం కంప్యూటర్ మనుషులు కావాలి, మాకు అంత స్తోమత లేదు. భీమిలి వైపు ఇదే పని మొదలుపెడదామని మేడమ్ అంటున్నారు. అక్కడికీ క్యూఫీల్డే తీసుకెళ్తాను. కన్సల్టెన్సీ మాత్రం ఇంకా ఖాయం కాలేదు.