ఆర్‌సెటిలో ఏసీ రిపేరు కోర్సు: ఒక వైరింగ్ ఎలక్ట్రీషియన్ రివ్యూ

వైరింగ్ పని చేసేవాడికి ఏసీ పని కూడా వస్తే ఎండాకాలం చేతినిండా పనే. అందుకే మా జిల్లాలోని ఆర్‌సెటిలో, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, ఏసీ, ఫ్రిజ్ మరమ్మతు కోర్సులో చేరాను. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థ పద్ధతే దీనికి మూలం. స్థలం రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది, నడిపేది బ్యాంకు. ఫీజు లేదు, భోజనం, వసతి అక్కడే. భోజనానికి వంక పెట్టలేం.

అసలు విలువంతా వర్క్‌షాపులోనే ఉంది. బయట చాలామంది కొత్త ఏసీ బిగించాక కాస్త గ్యాస్ వదిలి పైపులో గాలి పోయిందనుకుంటారు. మా సార్ దాన్ని అస్సలు ఒప్పుకోలేదు. ముందు నైట్రోజన్ పట్టించి, ప్రతి ఫ్లేర్ జాయింటుకూ (పైపు చివర వెడల్పు చేసి నట్టుతో బిగించే చోట) సబ్బు నురగ రాసి బుడగ వస్తుందేమో చూడాలి. తర్వాత పైపులోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు పెట్టాలి. పంపు ఆపాక గేజ్ ముల్లు పైకి కదిలితే ఎక్కడో లీకో, తేమో ఉన్నట్టే. ఆ తేమే ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారి కంప్రెసర్‌ని తినేస్తుంది. ఇప్పుడొచ్చే చాలా ఏసీల్లో వాడే ఆర్-32 మంట అంటుకునే గ్యాస్. లోపల గ్యాస్ ఉండగా పైపులు అతికే బ్రేజింగ్ టార్చ్ మంట పెడితే ప్రాణాల మీదికి వస్తుంది. మాలాంటి పనివాళ్లకు ఇది ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాల్సిందే. నేర్పారు, అందుకు చాలా సంతోషం.

నచ్చనిది ఒకటుంది. ఇన్వర్టర్ ఏసీల (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేవి) పీసీబీ, అంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు, మీద ప్రాక్టీసు బాగా తక్కువ. మార్కెట్లో ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది వాటికే. పాత ఫ్రిజ్‌ల మీద పెట్టే టైములో సగం ఇటు మళ్లిస్తే బాగుంటుంది.

ఇంకో సంగతి, ఇది పెద్దది. ఉచితం అంటారు గానీ, రోజుకూలీ మీద బతికేవాడికి నెల రోజుల సంపాదన పోతుంది. మాకు స్టైపెండ్ ఏమీ ఇవ్వలేదు. పెళ్లయి పిల్లలున్నవాళ్లు నాతోపాటు చేరి, ఇంటి ఖర్చులకు తట్టుకోలేక మధ్యలోనే వెళ్లిపోయారు. కొత్త పని అత్యవసరంగా కావాల్సింది వాళ్లకే. రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటివాళ్లకు కూలీలో కొంత భాగమైనా ఇవ్వాలి, లేదా సాయంత్రం బ్యాచ్‌లు పెట్టించాలి.

కోర్సు అయ్యాక రెండేళ్లపాటు ఫాలోఅప్ ఉంటుంది. ఇది కాగితం మీది మాట కాదు. వాక్యూమ్ పంపు, గేజ్‌లు కొనడానికి ముద్రా శిశు లోన్‌కి, అంటే 50,000 లోపు దానికి, అప్లై చేస్తే ఒక బ్యాంకు వాళ్లు తిప్పించుకున్నారు. శిక్షణ ఇచ్చిన సారే నాతో వచ్చి మాట్లాడారు, తర్వాతే ఫైలు కదిలింది.

కరెంటు పని తెలిసినవాళ్లు తప్పకుండా చేరండి. కాకపోతే ఇంట్లో నెలకి సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని, ఎండాకాలం సీజన్‌కి ముందు బ్యాచ్ చూసుకుని చేరండి. మొదటి రోజే ఇన్వర్టర్ పీసీబీ గురించి అడగండి. నలుగురూ గట్టిగా అడిగితే ఆ క్లాసులు పెంచుతారు.