బ్రాడీపేట తంజావూరు బొమ్మల క్లాసు: నా అనుభవం, ఒక మనవి

గుంటూరు బ్రాడీపేటలో ఆదివారాలు జరిగే తంజావూరు పెయింటింగ్ క్లాసుకు ఆరు వారాలు వెళ్లి వెన్న కృష్ణుడి బొమ్మ పూర్తి చేశాను. ఫీజు 4,500 రూపాయలు. పలక, రంగులు, రాళ్లు, 22 క్యారెట్ల బంగారు రేకు అన్నీ వాళ్లే ఇస్తారు. రేకు కొన్న బిల్లు అడిగితే చూపించారు.

నేర్పే పద్ధతి చాలా బాగుంది. మొదటి రోజంతా పలక మీద గుడ్డ అంటించి, సుద్దపొడి, జిగురు కలిపిన పూత వేయడమే సరిపోయింది. తర్వాత రాళ్లు అతికించి, నగలు ఉబ్బెత్తుగా కనిపించేలా సుద్దముద్దను పొర మీద పొర వేయాలి. త్వరగా ఆరుతుందని నేను ఇంట్లో మేడ మీద ఎండకు పెట్టాను. కృష్ణుడి దండ అంతా బీటలు వారింది. మాస్టారు విసుక్కోలేదు. "నీడలోనే ఆరాలి మేడమ్" అని గీకించి, పక్కన కూర్చుని మళ్లీ వేయించారు. కళ్లు దిద్దిన రోజు నాకు నిజంగా కన్నీళ్లు వచ్చాయి.

నా మనవి వాళ్లిచ్చే కాగితం గురించి. అందులో "చోళుల నాటి తమిళ కళ" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని, ఊరుకోలేకపోయాను. ఈ బొమ్మలకు మనం చూసే రూపం వచ్చింది మరాఠా రాజుల పోషణలో. శివాజీ సవతి తమ్ముడు వెంకోజీ 1676లో తంజావూరులో గద్దె ఎక్కాడు. 1855 దాకా ఆ వంశమే ఉంది. నాయక రాజుల నాటి తెలుగును వాళ్లు కొలువు నుంచి తోసేయలేదు. వెంకోజీ కొడుకు శహాజీ తానే తెలుగులో 'పల్లకి సేవా ప్రబంధం' రాశాడు. ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని చెప్పిన కావ్యమూ తెలుగే. మరాఠీ దాని పక్కనే చేరింది: రెండో శరభోజి (1798-1832) పెద్దగుడి గోడ మీద తన వంశ చరిత్రను మరాఠీలో చెక్కించాడు. ఆ రోజుల్లోనే, ఆ పక్కనే తిరువయ్యారులో త్యాగయ్య తెలుగులో కీర్తనలు కడుతున్నాడు! ఈ బొమ్మలు వేసిన కుటుంబాల్లో తెలుగు మాట్లాడే రాజు కులంవాళ్లు చాలామంది. గుంటూరులో ఈ కళ నేర్చుకునే పిల్లలకు ఈ మాట తెలియకపోతే ఎలా?

టీ విరామంలో ఇదంతా చెబితే మాస్టారు శ్రద్ధగా విన్నారు. "మాకు నేర్పినవాళ్లు ఇవేవీ చెప్పలేదు మేడమ్, రాసివ్వండి" అన్నారు. అరపేజీ రాసిచ్చాను.

క్లాసు మొదటి అంతస్తులో. మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెబితే కుర్చీ వేస్తారు, లేదంటే కింద చాప మీదే. ప్రస్తుతానికి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. వచ్చే బ్యాచ్ కాగితంలో ఆ అరపేజీ కనిపించిన రోజున ఐదోది కూడా కలుపుతాను.