సెయింట్ లూయిస్‌లో చూడటానికి డబ్బక్కర్లేదు, కారు నిలపడానికే కావాలి

షికాగోలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు, మూడు రోజులు సెలవు కలిసొచ్చిందని ఐదుగురం కారులో సెయింట్ లూయిస్ వెళ్లాం. దాదాపు 300 మైళ్లు, ఐదు గంటలు, దారి పొడవునా మొక్కజొన్న చేలు. దారి గురించి ఇంతకు మించి చెప్పేదేమీ లేదు. చెప్పాల్సింది హోటల్ గురించి.

నగరం నడిబొడ్డున, ఆర్చ్ అనే పెద్ద కమానుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. రాత్రికి 129 డాలర్లని చూసి రెండు గదులు, రెండు రాత్రులకు తీసుకున్నాం. అంటే 516, పన్ను 90. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి కదా, 606 అని మనసులో రాసుకుని నిశ్చింతగా ఉన్నాను. చివరి రోజు పొద్దున బిల్లు 778 అని వచ్చింది. కారు నిలిపినందుకు రాత్రికి 38, ‘సౌకర్యాల రుసుము’ గదికి రాత్రికి 24. ఏమిటమ్మా ఆ సౌకర్యాలు అని అడిగితే వైఫై, వ్యాయామశాల, రెండు నీళ్ల సీసాలు అంది కౌంటర్లో అమ్మాయి, నవ్వు చెదరకుండా. ఉన్న రెండు రోజులూ వ్యాయామశాలకు తాళమే! “పోనీండి నాన్నగారూ, ఇక్కడ ఇంతే” అని మా అబ్బాయి నన్ను పక్కకు లాగాడు. కోడలు కదల్లేదు. పావుగంట వాదించి 24 డాలర్లు తగ్గించింది. నలుగురిలో గొంతు పెంచానని మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. కోడలు పెంచిన గొంతు మాత్రం ఆవిడకు వినిపించలేదు.

ఇంత మంట ఎందుకంటే, ఆ ఊళ్లో చూడదగ్గవి చాలావరకు ఉచితం. 1971లో నగరం, కౌంటీ ప్రజలు ఓటు వేసి, తమ ఆస్తి పన్నులో కొంత జూకీ, ఆర్ట్ మ్యూజియానికీ, సైన్స్ మ్యూజియానికీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అందుకే ఫారెస్ట్ పార్కులో ఆర్ట్ మ్యూజియానికీ, జూకీ ప్రవేశ రుసుము లేదు. అక్కడి మిస్సోరీ హిస్టరీ మ్యూజియమూ ఉచితమే. 1904 ప్రపంచ ప్రదర్శన జరిగింది ఈ పార్కులోనే. ఆర్ట్ మ్యూజియం పాత భవనం, జూలో పక్షుల పెద్ద పంజరం అప్పటివే. పార్కు రోడ్ల వెంట కారు ఊరికే ఆపుకోవచ్చు. సోమవారం మాత్రం ఆర్ట్ మ్యూజియానికి వెళ్లకండి, సెలవు. మేము దాని ముందున్న గడ్డి వాలు మీద, గుర్రమెక్కిన లూయీ రాజు విగ్రహం దగ్గర కూర్చుని కోడలు తెచ్చిన పులిహోర తిన్నాం. ఆ పూట అందరూ అందరితో బాగానే మాట్లాడుకున్నారు.

ఆర్చ్ టికెట్లు ఐదుగురికి సుమారు 80 డాలర్లయ్యాయి. నాకు బాధ లేదు. ఎత్తు 630 అడుగులు, కాళ్ల మధ్య దూరమూ 630 అడుగులే. చూస్తే మాత్రం వెడల్పు కన్నా ఎత్తే ఎక్కువనిపిస్తుంది. మా అబ్బాయి నమ్మక ఫోను తీసి వెతుక్కున్నాడు. గొలుసు రెండు కొసలూ పట్టుకుని వేలాడదీస్తే వచ్చే వంపును తలకిందులు చేస్తే దాదాపు ఈ ఆకారమే వస్తుంది. ఏరో సారినెన్ గీసిన ఆ కమాను కట్టడం 1965లో పూర్తయింది. పైకి తీసుకెళ్లే పెట్టె గుడ్డులా ఉంటుంది, ఐదుగురికి మాత్రమే చోటు. మోకాళ్లు మోకాళ్లకు తగులుతాయి. తలుపు పొట్టిది కాబట్టి నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. నాలుగు నిమిషాలూ మా ఆవిడ కళ్లు తెరవలేదు. పైన వాలు గోడ మీద బోర్లా వాలి చిన్న కిటికీల్లోంచి చూడాలి. ఆవిడ మిస్సిసిపీని అలా ఒక్క చూపు చూసి, “మన రాజమండ్రి దగ్గర గోదావరిలో సగం లేదు” అని తీర్పిచ్చింది. కింద నేల అడుగున ఉన్న మ్యూజియం ఉచితం, దానికి గంటన్నర ఉంచుకోండి.

సిటీ మ్యూజియం పేరు చూసి అద్దాల పెట్టెలూ పాత నాణేలూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పాత చెప్పుల కంపెనీ గిడ్డంగి. లోపల గుహలు, ఇనుప సొరంగాలు, పది అంతస్తుల జారుడుబల్ల. మిద్దె అంచున సగం గాల్లోకి వేలాడుతున్న స్కూలు బస్సు! దీనికి టికెట్ ఉంది, అయినా వెళ్లండి. మనవడి వెనకాలే ఒక సొరంగంలో దూరి, ప్యాంటు మోకాలి దగ్గర చించుకుని బయటపడ్డాను. మోకాళ్లకు తొడుగులు తీసుకెళ్లండి.

శాకాహారులకు ఒక మాట. ఆ ఊరి ప్రత్యేకత అని ‘టోస్టెడ్ రావియోలీ’ పెడతారు. మన కజ్జికాయలా అమాయకంగా కనిపిస్తుంది కానీ లోపల సాధారణంగా మాంసం కూరి ఉంటుంది. అడగందే నోట పెట్టుకోవద్దు.

కెథడ్రల్ బసిలికా అనే చర్చిలో 4 కోట్లకు పైగా గాజు ముక్కలతో పేర్చిన గోడలూ గుమ్మటాలూ ఉన్నాయి. 1912లో మొదలుపెట్టి 1988లో ముగించారట. మా ఆవిడకు ఊరంతటిలో నచ్చింది అదొక్కటే.

తిరుగు దారిలో నది దాటాక కహోకియా దిబ్బల దగ్గర ఆగాం. ఐరోపావాళ్లు రాకముందే స్థానిక జనం బుట్టలతో మట్టి మోసి కట్టిన నగరం, 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అన్నిటికన్నా పెద్ద దిబ్బ 100 అడుగులు. మనవడు మెట్లు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పి, మళ్లీ కిందికి పరిగెత్తాడు. సగం మెట్లెక్కాక మా ఆవిడ ఆగింది. పొద్దుటినుంచీ ఆవిడ నాతో అన్న మొదటి మాట, “చెయ్యివ్వండి, మోకాళ్లు పట్టేశాయి.”