షట్టర్లకు అడ్వాన్సు ఇచ్చేముందు పర్మిట్ అడగండి

ఫ్లోరిడాలోని టాంపా చుట్టుపక్కల కొత్తగా ఇళ్లు కొన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. ఆ భయంతోనే 2024 వేసవిలో కిటికీలన్నిటికీ అల్యూమినియం షట్టర్లు పెట్టించాను. ఇవి విడి ప్యానెళ్లు; కిటికీ చుట్టూ గోడలో బోల్టులు దిగగొట్టి ఉంచితే, తుఫానుకు ముందు వాటికి నట్లతో బిగించుకోవాలి.

వచ్చిన కాంట్రాక్టర్ మంచి మాటకారి. సగం సొమ్ము ముందే కావాలన్నాడు. స్థానిక ప్రభుత్వమైన కౌంటీ ఇచ్చే పర్మిట్ సంగతి ఎత్తితే, ఇంత చిన్న పనికి అదెందుకు, ఖర్చు దండగ, ఆలస్యం కూడా అన్నాడు. ఖర్చు అనగానే నేనూ తల ఊపాను. ఆ తప్పు నాదే.

అక్టోబరు 8న, మిల్టన్ హరికేన్ తీరం దాటడానికి ముందు రోజు, ప్యానెళ్లు బిగిస్తున్నాం. మేడ మీద పిల్లల గది కిటికీ దగ్గర రెక్కల నట్టు తిప్పుతుంటే అది బిగుసుకోలేదు. బోల్టే ఊడి చేతిలోకి వచ్చింది, వెంట చిటికెడు తెల్లపొడి రాలింది. రంధ్రంలో వేలు పెడితే ఒక కణుపు లోతు కూడా లేదు. మా ఇంటి కింది గోడలు కాంక్రీటు దిమ్మెలవి, మేడ మాత్రం కర్ర చట్రం, దాని మీద స్టకో, అంటే సిమెంటు పూత. బోల్టు ఆ పూతలోనే ఆగిపోయింది, కర్రను తాకనే లేదు. మిగతావి లాగి చూసే ధైర్యం లేకపోయింది. అత్తయ్యను, పిల్లలను కారెక్కించుకుని అట్లాంటాలోని తమ్ముడి ఇంటికి బయలుదేరాం. ఆ ఒక్క నట్టు బిగిసి ఉంటే, షట్టర్లున్నాయి కదా అని ఇంట్లోనే పడుకునేవాళ్లం.

ఇల్లు నిలిచింది, అదృష్టం. తరువాత వాకబు చేస్తే మా చిరునామా మీద పర్మిటే లేదు. కాబట్టి కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసిందీ లేదు. ప్యానెళ్ల మీద ఫ్లోరిడా ఆమోద సంఖ్య గానీ, మయామీ-డేడ్ కౌంటీ ఆమోదం గానీ లేవు. మయామీ-డేడ్ పరీక్షలో తొమ్మిది పౌండ్ల కర్ర బద్దను సెకనుకు 50 అడుగుల వేగంతో వాటి మీదికి విసురుతారు. మావి దేనికి తట్టుకుంటాయో దేవుడికే తెలియాలి. బీమా రాయితీ కూడా రాలేదు. అది కావాలంటే ఇంట్లో గాజున్న ప్రతి కిటికీకీ, తలుపుకీ ఆమోదం పొందిన రక్షణ ఉండాలట.

ఇక్కడి చట్టం ప్రకారం పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకున్న కాంట్రాక్టర్ 30 రోజుల్లోపు పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. ఈ ముక్క నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. లైసెన్సు నంబరు అడిగి రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే సరిచూసుకోండి, వాళ్లు చూపించే కార్డును నమ్మవద్దు. మిగిలిన సొమ్ము కౌంటీ తనిఖీ అయ్యాకే ఇస్తామని ఒప్పందంలో రాయించండి.

మేడ మీద డ్రిల్ చేసేటప్పుడు తప్పకుండా పక్కన నిలబడండి. తెల్లపొడి తరువాత కర్రపొట్టు రావాలి. రాకపోతే పని అక్కడే ఆపించండి.