భితర్‌కనికకు ఆటు చూసుకుని వెళ్లండి

ఒడిశాలోని మడ అడవుల జాతీయ పార్కు భితర్‌కనికకు భువనేశ్వర్ నుంచి కారులోనూ వెళ్లొచ్చు. నన్నడిగితే రైల్లో భద్రక్‌లో దిగి, అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని చాంద్‌బాలి రేవులో పడవ ఎక్కడమే మేలు. ఈ నేల తీరు అర్థమయ్యేది ఆ నీటి దారిలోనే.

మొదట బైతరణి నది బాగా వెడల్పుగా, ఒడ్డున ఊళ్లతో సాగుతుంది. ఖోలా దగ్గర పాయలోకి తిరిగాక మడ చెట్లు రెండు వైపుల నుంచీ దగ్గరకొచ్చేస్తాయి. బ్రాహ్మణి, బైతరణి తెచ్చిపోసిన ఒండ్రు మీద పెరిగిన అడవి ఇది. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు ఈ పాయల్లోకి ఎగదన్నుతుంది. పోటు మీద వెళ్తే కనిపించేది పచ్చటి ఆకులే. ఆటు మొదలై నీళ్లు తీశాక అసలు ఒడ్డు బయటపడుతుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, ఎగిరెగిరి పాకే బురద చేపలు, పీతల బొరియలు, చలికాలమైతే ఎండ కాగే ఉప్పునీటి మొసళ్లు! 1975లో పార్కు లోపలి డాంగమాల్‌లో సంరక్షణ మొదలుపెట్టేనాటికి వందలోపే ఉన్న మొసళ్లు ఇప్పుడు 1,700 దాటాయి. కోరింగలో చెక్క వంతెన మీద నడుస్తూ మడ అడవి చూస్తాం. ఇక్కడ దిగమన్న చోట తప్ప ఒడ్డున కాలు పెట్టనివ్వరు. అదే మంచిది కూడా.

అందుకే పడవ మాట్లాడేటప్పుడు రేటు కన్నా ముందు ఆటు ఎన్నింటికో అడగండి. మా పడవవాళ్లు ఆ మాటే పట్టించుకోకుండా నిండు పోటులో బయల్దేరదీశారు. వెళ్లేటప్పుడు ఒక్క మొసలీ కనిపించలేదు. తిరుగు ప్రయాణంలో, అదే పాయలో, బురద ఒడ్డు కనబడిన చోటల్లా మొసలే.

బస చాంద్‌బాలిలో కూడా దొరుకుతుంది కానీ, ఒక రాత్రయినా డాంగమాల్‌లోని అటవీ శాఖ కాటేజీల్లో ఉండండి. భోజనం సాదాగా ఉంటుంది, గదులు శుభ్రం. పొద్దున్నే పాయ మీద నీలి రంగు లకుముకి పిట్టలు కనిపిస్తాయి. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

సముద్రం వైపు కథ వేరు. నదులు ఒకపక్క నేలను పెంచుతుంటే, సాతభాయా ఊళ్లను సముద్రం ఒక్కొక్కటిగా మింగేసింది. మిగిలిన కుటుంబాలను బాగపాటియాకు తరలించారు. మడ చెట్లు ఎందుకు నిలవాలో ఆ తీరం గురించి తెలిస్తే ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని మే నుంచి జూలై దాకా పార్కు మూసేస్తారు. నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లేలా చూసుకోండి.