పెళ్లి క్యాసెట్ నుంచి డీవీడీకి: నాలుగు గంటల మోడ్ జోలికి పోకండి

మా ఇంట్లో ఉన్నది పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్15 డీవీడీ రికార్డర్. మా బావ దుబాయ్ నుంచి తెచ్చాడు, జగిత్యాల, కరీంనగర్ వైపు ఒకప్పుడు వీసీఆర్లు ఎట్లా వచ్చాయో ఇదీ అట్లానే వచ్చింది. టీవీ సిగ్నల్ పద్ధతి అక్కడా పాల్ సిస్టమే, మన దగ్గరా పాలే కాబట్టి తెచ్చిన రోజు నుంచి ఏ ఇబ్బందీ లేదు. హన్మకొండలో మా వాళ్లవి, మా గల్లీ వాళ్లవి, కాజీపేటలో చుట్టాలవి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బతుకమ్మ ఆటలు, ఏ వీహెచ్ఎస్ క్యాసెట్ వచ్చినా దీని మీదే డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను. మిగతా ఫీచర్లు ఎట్లా ఉన్నా, బొమ్మ ఎట్లా వస్తుందో అంతవరకే రాస్తాను.

క్యాసెట్ తెచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగేది "డీవీడీ చేస్తే క్లియర్ అయితదా?" అని. కాదు. వీహెచ్ఎస్ టేపులో అడ్డంగా ఉండే వివరమే సుమారు 240 లైన్లు. డీవీడీలో పాల్ బొమ్మ 720 బై 576 అయినా, టేపులో లేని వివరం డిస్క్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా మన ఇళ్లలో ఉన్న పెళ్లి క్యాసెట్లలో చాలా వరకు ఒరిజినల్ క్యాసెట్లు కావు. స్టూడియో వాళ్లు తీసింది ఒకటి, దానికి మిక్సింగ్ చేసి పూలు, లవ్ గుర్తులు, పేర్లు వేసింది ఇంకొకటి, దాని నుంచి కాపీ కొట్టి మన చేతిలో పెట్టింది మరొకటి. అంత దూరం వచ్చేసరికి పెళ్లికూతురి ఎర్రచీర రంగు అంచు దాటి పక్కన కూర్చున్న ఆమె మీదకు కూడా కారుతుంటుంది. అది రికార్డర్ తప్పు కాదు, టేపులోనే అట్లా ఉంది.

రికార్డర్ చేతిలో ఉన్నది ఆ ఉన్న బొమ్మను ఇంకా పాడు చేయకుండా దించడం. అదంతా మోడ్ దగ్గరే, అంటే ఒక డిస్క్‌లో ఎన్ని గంటలు పట్టించాలని పెడతామో అక్కడే తేలుతుంది. మామూలు 4.7 జీబీ డిస్క్‌లో ఎక్స్‌పీ అయితే గంట, ఎస్‌పీ అయితే రెండు గంటలు, ఎల్‌పీ నాలుగు, ఈపీ పెడితే ఆరు లేదా ఎనిమిది గంటలు పడుతుంది. డిస్క్ సైజు అదే కాబట్టి గంటలు పెరిగినకొద్దీ సెకనుకు దక్కే డేటా తగ్గుతుంది, గంట మోడ్‌లో సుమారు 10 మెగాబిట్లు, రెండు గంటలకు 5, నాలుగు గంటలకు రెండున్నర.

చాలామంది అనుకునేది ఏంటంటే, పాత క్యాసెటే కదా, ఎట్లాగూ మసకగా ఉంది, దీనికి తక్కువ మోడ్ చాలు అని. నేను చూసింది సరిగ్గా దీనికి ఉల్టా. డీవీడీలో వీడియోను కుదించే ఎంపెగ్-2 పద్ధతిలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏం మారిందో దాని మీదే ఎక్కువగా డేటా ఖర్చవుతుంది. కొత్త టీవీ ప్రోగ్రాం రికార్డ్ చేస్తే వెనక గోడ కదలదు, అక్కడ ఖర్చు తక్కువ. పాత టేపులో గోడ మీద కూడా సన్నటి చుక్కలు ఎప్పుడూ కదులుతుంటాయి. మిషన్‌కు అవి చుక్కలో, మనిషి కదలికో తెలియదు, అన్నిటికీ పంచుతుంది, చివరికి ముఖాలకు మిగిలేది తక్కువ. అందుకే పాత టేపుకే ఎక్కువ డేటా కావాలి.

నమ్మకం కుదరకపోతే తలంబ్రాల సీన్ పెట్టి చూడండి. ఒకే క్యాసెట్‌లో ఆ ముక్కను గంట మోడ్‌లో, నాలుగు గంటల మోడ్‌లో విడివిడిగా ఎక్కించి చూశాను. గంట మోడ్‌లో పసుపు బియ్యం గింజలు గింజలుగా జారడం, పెళ్లికొడుకు భుజం మీద పడి చిందడం టేపులో ఎంత కనిపిస్తుందో డిస్క్‌లోనూ అంతే కనిపించింది. నాలుగు గంటల మోడ్‌లో దోసిలి ఎత్తేదాకా బాగానే ఉంది, గింజలు గాల్లోకి లేచిన క్షణం నుంచి ఇద్దరి ముఖాలూ గడులు గడులుగా విడిపోయాయి, వీడియో లైటు వెలుగు పడ్డ చోట అయితే మరీ. మా అమ్మ చూసి "ఏందిరా, తలంబ్రాలు పోస్తాంటే మొగులు కమ్మినట్టున్నది" అంది. బతుకమ్మ క్యాసెట్‌లోనూ ఇదే కథ, ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగినంతసేపూ గునుగు, తంగేడు పూలన్నీ కలిసి ముద్ద అయిపోతాయి, ఆట ఆగితే మళ్లీ పూలు కనిపిస్తాయి.

రెండు గంటల మోడ్ నా లెక్కలో ఆఖరి హద్దు, తలంబ్రాలు, డాన్సులు ఉన్న ముక్కకు గంట మోడే. ఈ-180 క్యాసెట్ మూడు గంటలు ఉంటుంది కదా, అంతా ఒకే డిస్క్‌లో పెట్టమని అడుగుతారు, నేను రెండు డిస్కులు చేస్తాను. భోజనాల బంతి దగ్గర కోస్తే ఎవరూ పట్టించుకోరు.

ఈ మోడల్‌లో నాకు నిజంగా నచ్చింది ఇంకొకటి. పాత టేపు ఆడుతుంటే బొమ్మ పై భాగం ఒక పక్కకు వంగి ఊగుతుంది చూడండి, మంటపం స్తంభాలు పైకి వెళ్లేకొద్దీ కొడవలిగా కనిపిస్తాయి. టేపు సాగినా, వీసీఆర్ అరిగినా లైన్లు సరైన టైముకు రాక అట్లా అవుతుంది. ఈఎస్15 లోపలికి వచ్చే ప్రతి లైనునూ సర్ది పెడుతుంది, స్తంభాలు చాలావరకు నిటారుగా నిలుస్తాయి. స్నేహితుడి దగ్గర వేరే కంపెనీ రికార్డర్ ఉంది, అదే క్యాసెట్, అదే వీసీఆర్, దాంట్లో వంపు వంపుగానే డిస్క్‌లోకి ఎక్కింది. కంప్యూటర్‌లోకి క్యాప్చర్ చేసేవాళ్లు కూడా ఇందుకే వీసీఆర్‌కూ క్యాప్చర్ కార్డుకూ మధ్యలో ఈ రికార్డర్ పెట్టి సిగ్నల్ దాటిస్తారు.

నచ్చనిది లైన్-ఇన్ ఎన్ఆర్, అంటే వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మలో చుక్కల నాయిస్ తగ్గించే సెట్టింగ్. నాయిస్ తగ్గిస్తుంది నిజమే, దానివల్ల గడులూ కొంచెం తగ్గుతాయి, కానీ చెయ్యి వేగంగా ఊపితే వెనక నీడలాంటి తోక వస్తుంది, చర్మం నున్నగా అయిపోతుంది. గంట మోడ్‌లో ఆఫ్ పెడతాను, రెండు గంటల మోడ్‌లో టేపు బాగా చెడితేనే ఆన్.

వైర్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. యాంటెన్నా వైరుతో మాత్రం ఎక్కించకండి, పసుపు పిన్ను వాడండి. రికార్డర్‌కు ఎస్-వీడియో (వెలుగునూ రంగునూ విడివిడిగా పంపే వైరు) ఇన్‌పుట్ ఉన్నా మన ఇళ్లలోని వీసీఆర్లలో ఎక్కువ వాటికి ఆ పిన్ను ఉండదు, ఉంటే రంగుల అంచుల దగ్గర పాకే చుక్కలు పోతాయి, అంతకుమించి పెద్ద మార్పు ఉండదు. వైరు కన్నా వీసీఆర్ హెడ్ శుభ్రంగా ఉండటం ముఖ్యం. తెల్లగా బూజు కనిపించే క్యాసెట్‌ను ముందు శుభ్రం చేయించకుండా లోపల పెడితే ఆ బూజు హెడ్‌కు అంటి తర్వాత వచ్చే మంచి క్యాసెట్లనూ చెడగొడుతుంది. ప్రతి క్యాసెట్‌కూ మొదట వీసీఆర్‌లో ట్రాకింగ్ (హెడ్ టేపు మీది గీతలను సరిగ్గా చదివేలా సర్దేది) చేత్తో సర్దుకోండి. కింద అడ్డంగా సన్నగా చెదిరే గీత ఒకటి ఉంటుంది, అది ట్రాకింగ్‌తో పోదు, ప్రతి వీహెచ్ఎస్ టేపులోనూ ఉంటుంది. పాత డబ్బా టీవీల్లో స్క్రీన్ అంచు కింద దాగిపోయేది, ఎల్ఈడీ టీవీలో బయటపడుతుంది, కంగారు పడకండి. అమ్మిన సినిమా క్యాసెట్లు చాలావాటికి కాపీ రక్షణ ఉంటుంది, రికార్డర్ వాటిని తీసుకోదు.

రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే డిస్క్ పనికిరాకుండా పోవచ్చు, ఇన్వర్టర్ మీద నడపండి. అయిపోయాక ఫైనలైజ్ (వేరే ప్లేయర్లు చదివేలా డిస్క్‌ను ముగించడం) చేయకపోతే వేరే ప్లేయర్లో ఆడదు. అంతటితో ఆగకుండా అదే వారంలో డిస్క్‌లో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లను ఎట్లా ఉన్నవి అట్లా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ4 చిన్నది చేసుకున్నా, అసలు వీఓబీ తీసేయకండి. క్యాసెట్ కూడా పారేయకండి. చివరిదాకా వీసీఆర్లు తయారు చేసిన ఫునాయ్ కంపెనీ 2016లో ఆ తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ దొరకడం లేదు, ఆడుతున్న వీసీఆర్ ఎవరింట్లోనైనా ఉంటే ఈ పని ఇప్పుడే చేయించుకోండి.