సాక్ష్యాలు ఢీకొన్నప్పుడు: ఓబ్రా డిన్ పద్ధతి, షెర్లాక్ పద్ధతి

డిటెక్టివ్ వీడియో గేముల్లో ఒక ఆధారం ఒకరిని, ఇంకోటి మరొకరిని చూపిస్తే ఎవరి మాట నమ్మాలి? ‘ఓబ్రా డిన్’, ‘షెర్లాక్ హోమ్స్’ అనే రెండు గేములు దీనికి పూర్తిగా వేరే జవాబులిస్తాయి.

2018లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’లో ఓడలోని 60 మంది ఎవరెవరో, ఒక్కొక్కరికీ ఏమైందో తేల్చాలి. మామూలుగా ముగ్గురి వివరాలు సరిగ్గా రాస్తేనే గేమ్ వాటిని ఖాయం చేస్తుంది. మాట్లాడే యాస, వేసుకున్న బట్టలు, ఊయల పడక మీది నంబరు, ఏదీ అబద్ధం చెప్పదు. రెండు ఆధారాలు పొసగలేదంటే తప్పు మన ఊహలోనే ఉంది. వెనక్కి వెళ్లి దాన్ని పట్టుకోవడంలో ఉన్న ఆనందం అంతా ఇంతా కాదు! ఒక్కటే లోపం: ఇద్దరు కచ్చితంగా తెలిస్తే, మూడో పేరు మార్చి మార్చి పెట్టి గట్టెక్కేయొచ్చు.

2014 నాటి ‘షెర్లాక్ హోమ్స్: క్రైమ్స్ అండ్ పనిష్మెంట్స్’లో కొన్ని ఆధారాలకు రెండు అర్థాలుంటాయి. ఏది ఎంచుకుంటే దాన్నిబట్టి దోషి మారిపోతాడు. అమాయకుణ్ణి జైలుకు పంపినా కేసు ముగుస్తుంది. మన తీర్పు సరైనదో కాదో చివర్లో కావాలంటేనే చూసుకోవచ్చు. ఆ టెన్షన్ ఓబ్రా డిన్‌లో దొరకదు.

పజిల్‌గా నాకు ఓబ్రా డిన్ మెరుగు. కానీ సాక్ష్యాలను తూచి, ఒక మనిషి మీద నేరం మోపడం ఎంత బరువైన పనో చూపించేది మాత్రం షెర్లాకే. దాన్ని ఆడితే, తీర్పు చెప్పేముందు రెండో అర్థాన్నీ చివరిదాకా కలిపి చూడండి.